పేరు చూసి ఫార్ములా రాయాలంటే ముందు ఆ పేరు దేన్ని లెక్కపెడుతోందో చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: సంయోజకతలు (ఒక్కో మూలకం కలిసే శక్తిని చెప్పే అంకెలు) వచ్చు, క్రిస్‌క్రాస్ (ఒకదాని సంయోజకతను రెండోదాని కింద వేసే పద్ధతి) వచ్చు, అయినా పేరు ఇచ్చి ఫార్ములా రాయమంటే నాలుగు చోట్ల తప్పాయి. కార్బన్ డయాక్సైడ్‌కి క్రిస్‌క్రాస్ చేస్తే కార్బన్ రెండు, ఆక్సిజన్ నాలుగు వచ్చాయి. సోడియం పెరాక్సైడ్‌ని కుదించి సోడియం ఒకటి, ఆక్సిజన్ ఒకటి అని రాశారు. ఐరన్ త్రీ ఆక్సైడ్‌లో ఐరన్ పక్కన మూడు వేశారు. సోడియం బైకార్బనేట్‌లో కార్బనేట్‌ని రెండు చేశారు. 'ఇవన్నీ బట్టీ పట్టడం తప్ప దారి లేదా?' అన్నారు.

బట్టీ పట్టాల్సింది కొంత ఉంది, అది తప్పదు. కానీ మీ నాలుగు తప్పులకూ కారణం బట్టీ చాలకపోవడం కాదు. పేరులో అంకెలాంటి ముక్క వినిపించగానే అది దేన్ని లెక్కపెడుతోందో అడక్కుండా చేతికి వచ్చిన పద్ధతి వాడేశారు. డయాక్సైడ్‌లోని 'డై' పరమాణువులను లెక్కపెడుతుంది. ఐరన్ త్రీ అని చదివేటప్పుడు బ్రాకెట్‌లో ఉండే రోమన్ మూడు (III) ఆవేశం సంగతి చెబుతుంది, పరమాణువులు ఎన్నో చెప్పదు. బైకార్బనేట్‌లోని 'బై' ఇప్పుడు దేన్నీ లెక్కపెట్టదు, పాత అలవాటుగా మిగిలిపోయింది. ఈ ఒక్క ప్రశ్న అలవాటైతే క్రిస్‌క్రాస్ ఎక్కడ వాడాలో, ఎక్కడ దాని జోలికి పోకూడదో దానంతట అదే తెలుస్తుంది.

ఒక చిన్న మాట. ఇక్కడ సంకేతాలను పైకి చదివే తీరులోనే తెలుగులో రాస్తున్నాను: ఎన్ఏ అంటే సోడియం, సీఎల్ అంటే క్లోరిన్, ఎఫ్ఈ అంటే ఇనుము. మీరు పక్కన కాగితం పెట్టుకుని మామూలు సంకేతాలు వేసుకుంటూ చదవండి. వేసేటప్పుడు రెండక్షరాల సంకేతంలో రెండో అక్షరం తప్పకుండా చిన్నది ఉండాలి. సీ పెద్దది, ఓ చిన్నది అయితే కోబాల్ట్ అనే లోహం. రెండూ పెద్దవైతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు. దిద్దేవాళ్లు ఇందులో కనికరించరు, కనికరించకూడదు కూడా.

ఇక అసలు విషయం. పేర్లు ప్రధానంగా రెండు రకాలు. అలోహం, అలోహం కలిసిన సమ్మేళనాల పేర్లు లెక్కను నోరు తెరిచి చెబుతాయి. లోహం (లేదా అమ్మోనియం) మొదట ఉండే అయానిక సమ్మేళనాల, అంటే విద్యుదావేశం ఉన్న అయాన్లు కలిసి ఏర్పడేవాటి పేర్లు లెక్కను చెప్పవు, మనమే రాబట్టుకోవాలి. క్రిస్‌క్రాస్ పుట్టింది రెండో రకం కోసం. దాన్ని మొదటి రకం మీద ప్రయోగించడమే కార్బన్ డయాక్సైడ్ దగ్గర మీరు చేసింది.

మొదటి రకంలో చేయాల్సిన పని రాసుకోవడమే. మోనో, డై, ట్రై, టెట్రా, పెంటా, హెక్సా, హెప్టా, ఆక్టా, నోనా, డెకా: ఇవి ఒకటి నుంచి పది. మొదటి మూలకానికి ముందు ఏమీ లేకపోతే ఒకటే ఉందని అర్థం. కార్బన్ ఒకటి, 'డై' ఆక్సైడ్ కాబట్టి ఆక్సిజన్ రెండు, సీఓ₂. అక్కడితో అయిపోయింది. సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ ఎస్ఎఫ్₆, డైనైట్రోజన్ పెంటాక్సైడ్ ఎన్₂ఓ₅, అయోడిన్ హెప్టాఫ్లోరైడ్ ఐఎఫ్₇. ఇక్కడ ఆవేశాలు, సంయోజకతలు, కసాగులు (కనిష్ఠ సామాన్య గుణిజాలు) ఏవీ అక్కర్లేదు. అన్నిటికన్నా ముఖ్యంగా, కుదించకూడదు. డైనైట్రోజన్ టెట్రాక్సైడ్ ఎన్₂ఓ₄. దాన్ని రెండుతో భాగిస్తే ఎన్ఓ₂ వస్తుంది, అది నైట్రోజన్ డయాక్సైడ్ అనే మరో పదార్థం. మొదటిది రంగులేనిది, రెండోది గోధుమరంగు వాయువు. పాత్రలో రెండూ కలిసి ఒకదానిలోంచి ఒకటి మారుతూ ఉంటాయి గానీ కాగితం మీద మాత్రం రెండూ ఒకటి కావు. డైసల్ఫర్ డైక్లోరైడ్ ఎస్₂సీఎల్₂ కూడా అలాగే ఉండాలి.

ఈ రకంలో కొంచెం చికాకు పెట్టేది ఫాస్ఫరస్ పెంటాక్సైడ్. పేరు ప్రకారం ఫాస్ఫరస్ ఒకటి, ఆక్సిజన్ ఐదు ఉండాలి, అలాంటి పదార్థం లేదు. ఆ పేరు పీ₂ఓ₅ అనే పాత నిష్పత్తి నుంచి వచ్చింది, అసలు అణువు పీ₄ఓ₁₀. సరైన పేరు టెట్రాఫాస్ఫరస్ డెకాక్సైడ్. ఇలాంటి వాడుక పేర్లు కొన్నే ఉంటాయి, వాటిని గుర్తుపెట్టుకోవడమే.

నీరు, అమ్మోనియా, మీథేన్, ఫాస్ఫీన్, ఓజోన్ వంటి పేర్లలో అయితే లెక్క అసలు లేదు, ఏ పద్ధతీ పనిచేయదు. 'నీరు' అన్న మాటను ఎంత చూసినా అందులో హైడ్రోజన్లు రెండని తెలియదు. 1808లో ఆంగ్ల రసాయనవేత్త డాల్టన్ నీటిని ఒక హైడ్రోజన్, ఒక ఆక్సిజన్‌గానే చూపించాడు. పరమాణు భారాల గొడవ తేలి, రెండు హైడ్రోజన్లన్న మాట రసాయనవేత్తల్లో నిలబడటానికి 1860లో జర్మనీలోని కార్ల్స్‌రూహేలో జరిగిన సమావేశంలో ఇటలీ రసాయనవేత్త కనిజారో వాదన వినాల్సి వచ్చింది. అంత గొడవ నడిచినదాన్ని మనం పేరు నుంచి రాబట్టలేం గనక ఈ కొద్ది పేర్లూ నేరుగా నేర్చుకోండి. మూలకాల్లోనూ ఏడింటిని ఇలాగే పట్టుకోవాలి: హైడ్రోజన్, నైట్రోజన్, ఆక్సిజన్, ఫ్లోరిన్, క్లోరిన్, బ్రోమిన్, అయోడిన్ విడిగా ఉన్నప్పుడు జంటలుగానే ఉంటాయి. 'క్లోరిన్ వాయువు' అంటే సీఎల్₂. 'క్లోరైడ్' అంటే జంట కాదు, ఒక రుణావేశం ఉన్న ఒక్క అయాన్.

రెండో రకం దగ్గర ఎక్కువసేపు ఆగాలి. కాల్షియం క్లోరైడ్ అన్న పేరులో 'డై' ఎందుకు లేదు? అవసరం లేదు కాబట్టి. కాల్షియం అయాన్ ఆవేశం ఎప్పుడూ +2, క్లోరైడ్ ఆవేశం ఎప్పుడూ -1. సమ్మేళనం మొత్తం మీద ఆవేశం సున్నా కావాలంటే ఒక కాల్షియంకు రెండు క్లోరైడ్లు తప్ప మరో దారి లేదు. లెక్క ఒక్కటే రాగలిగినప్పుడు పేరు దాన్ని మోయనక్కర్లేదు. అందుకే ఇక్కడ ఒకే ఒక నియమం: మొత్తం ఆవేశం సున్నా. క్రిస్‌క్రాస్ ఈ నియమానికి అడ్డదారి మాత్రమే. చాలామంది అడ్డదారిని నేర్చుకుని నియమాన్ని మరిచిపోతారు. నా సలహా తిరగేసి చేయమని. ఆవేశాల కసాగు చూడండి.

కాల్షియం ఫాస్ఫేట్ తీసుకోండి. కాల్షియం +2, ఫాస్ఫేట్ -3. రెండూ కలిసే అంకె 6. ఆరు ధనావేశాలకు కాల్షియంలు మూడు, ఆరు రుణావేశాలకు ఫాస్ఫేట్లు రెండు: సీఏ₃(పీఓ₄)₂. అల్యూమినియం సల్ఫేట్‌లో +3, -2, మళ్లీ ఆరే: ఏఎల్₂(ఎస్ఓ₄)₃. మెగ్నీషియం ఆక్సైడ్‌లో +2, -2, కసాగు 2, కాబట్టి ఒకటికి ఒకటి: ఎంజీఓ. క్రిస్‌క్రాస్ చేసినవాళ్లకు ఇక్కడ ఎంజీ₂ఓ₂ వచ్చి, దాన్ని కుదించాలని విడిగా గుర్తుపెట్టుకోవాల్సి వస్తుంది. కసాగుతో చేసినవాళ్లకు కుదించే అవసరమే రాదు. టిన్ ఫోర్ ఫాస్ఫేట్ లాంటి వంకర పేరు వచ్చినా +4, -3, కసాగు 12, కాబట్టి టిన్‌లు మూడు, ఫాస్ఫేట్లు నాలుగు. పద్ధతి మారలేదు.

ఇప్పుడు మీ సోడియం పెరాక్సైడ్. 'పెరాక్సైడ్' అంటే రెండు ఆక్సిజన్లు ఒకదానికొకటి అంటుకుని, ఇద్దరికీ కలిపి -2 ఆవేశం ఉన్న ఒకే అయాన్: ఓ₂²⁻. సోడియం +1 కాబట్టి రెండు సోడియంలకు ఒక పెరాక్సైడ్: ఎన్ఏ₂ఓ₂. ఇందులో ఆక్సిజన్ కింద ఉన్న రెండు 'ఎన్ని అయాన్లు' అన్న లెక్క కాదు, ఆ అయాన్ ఒంట్లోనే ఉన్న అంకె. మీరు దాన్ని భాగించినప్పుడు అయాన్‌ని మధ్యకు నరికారు. కుదించవచ్చా అన్న అనుమానం వస్తే ఇలా అడగండి: ఈ అంకె అయాన్ల సంఖ్యా, లేక అయాన్ లోపలిదా? అయాన్ల సంఖ్యను మాత్రమే కుదించాలి. మెర్క్యురస్ క్లోరైడ్ కూడా ఇదే కుటుంబం. అందులో పాదరసం రెండు పరమాణువులు జతగా +2 ఆవేశంతో ఉంటుంది కాబట్టి హెచ్‌జీ₂సీఎల్₂ అనే రాస్తాం. సోడియం ఆక్సలేట్ ఎన్ఏ₂సీ₂ఓ₄ని చూడగానే రెండుతో భాగించాలని చేతులు దురద పెడతాయి, కానీ సీ₂ఓ₄ ఒకే అయాన్. పొటాషియం పెర్‌సల్ఫేట్ కే₂ఎస్₂ఓ₈ కూడా అంతే.

బ్రాకెట్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఒకటి కన్నా ఎక్కువ పరమాణువులున్న అయాన్ ఒకటి కన్నా ఎక్కువ సార్లు వస్తేనే బ్రాకెట్. కాల్షియం హైడ్రాక్సైడ్ సీఏ(ఓహెచ్)₂. బ్రాకెట్ తీసేస్తే ఆక్సిజన్ ఒకటి, హైడ్రోజన్లు రెండు అయిపోతాయి, తేడా ఒక పరమాణువు. సోడియం హైడ్రాక్సైడ్‌కి బ్రాకెట్ అక్కర్లేదు. అమ్మోనియం నైట్రేట్‌ని ఎన్‌హెచ్₄ఎన్ఓ₃ అనే ఉంచాలి. నైట్రోజన్లు రెండూ కలిపి ముందు రాసేస్తే లెక్క సరిపోతుంది గానీ అందులో ఏ అయాన్లు ఉన్నాయో చదివేవాడికి తెలియదు.

ఆవేశాలు గుర్తుండాలిగా అంటారేమో. వాటిలో సగం ఆవర్తన పట్టికే చెబుతుంది. సోడియం, పొటాషియం ఉన్న మొదటి గ్రూపు +1. మెగ్నీషియం, కాల్షియం, బేరియం గ్రూపు +2. అల్యూమినియం +3. అటు చివర నుంచి హాలోజన్లు (ఫ్లోరిన్, క్లోరిన్, బ్రోమిన్, అయోడిన్) -1, ఆక్సిజన్, సల్ఫర్ -2, నైట్రోజన్, ఫాస్ఫరస్ -3. వీటికి జింక్ +2, సిల్వర్ +1 చేర్చుకుంటే ఒకే ఆవేశంతో సరిపెట్టుకునే లోహాలు చాలావరకు అయిపోయాయి.

ఒకటి కన్నా ఎక్కువ ఆవేశాలు ఉన్న లోహాలకే రోమన్ అంకె. ఇనుము +2 గానీ +3 గానీ ఉండొచ్చు, ఏదో పేరే చెప్పాలి. జర్మన్ రసాయనవేత్త ఆల్ఫ్రెడ్ స్టాక్ 1919లో ఈ రోమన్ అంకెల పద్ధతి సూచించాడు. (ప్రయోగశాలలో ఏళ్ల తరబడి పాదరసం ఆవిరి పీల్చి తన ఆరోగ్యం పాడైందని గుర్తించి, 1926లో తోటి శాస్త్రవేత్తలను హెచ్చరిస్తూ రాసింది కూడా ఆయనే. ఆ సంగతి తెలిశాక మెర్క్యురీ వన్, మెర్క్యురీ టూ అన్న పేర్లు నాకు మామూలు పేర్లలా అనిపించవు.) ఐరన్ త్రీ ఆక్సైడ్ అంటే ప్రతి ఇనుము అయాన్‌కీ +3 ఉందని. ఎన్ని ఇనుములో అది చెప్పదు. +3, -2, కసాగు 6: ఎఫ్ఈ₂ఓ₃. పేరులో వినిపించిన మూడు ఫార్ములాలో ఆక్సిజన్ కింద తేలింది, ఇనుము కింద కాదు. మాంగనీస్ ఫోర్ ఆక్సైడ్‌లో అయితే నాలుగు ఎక్కడా కనబడదు: ఎంఎన్ఓ₂. కాబట్టి రోమన్ అంకె కనబడగానే దాన్ని నేరుగా లోహం నెత్తిన ప్లస్ గుర్తుతో రాసుకోండి, కింద మాత్రం పెట్టకండి. ఈ ఒక్క చేతి అలవాటు మార్చుకుంటే ఆ తప్పు మళ్లీ రాదు.

పాత పేర్లలో ఈ పని 'అస్', 'ఇక్' చేస్తాయి. ఫెర్రస్ +2, ఫెర్రిక్ +3. 'అస్' తక్కువది, 'ఇక్' ఎక్కువది, అంతే. అవి ఏ అంకెకూ కట్టుబడలేదు: రాగికి క్యుప్రస్ +1, క్యుప్రిక్ +2, టిన్‌కి స్టానస్ +2, స్టానిక్ +4. 'అస్ అంటే రెండు, ఇక్ అంటే మూడు' అని నేర్పే చిట్కా ఇనుము దాటాక మోసం చేస్తుంది. ఈ తోకలకు వయసు బాగానే ఉంది. 1787లో ఫ్రెంచ్ రసాయనవేత్తలు గీటన్ ద మోర్వో, లవోజియే, బెర్తొలే, ఫూర్క్రువా నలుగురూ కలిసి ప్రతిపాదించిన పేర్ల పద్ధతి నుంచే అస్, ఇక్, ఐట్, ఏట్ మనదాకా వచ్చాయి. అప్పటికి అయాన్ అన్న భావనే లేదు. అందుకే ఇవి 'ఎక్కువ, తక్కువ' అని పోల్చి చెబుతాయే గానీ అంకె చెప్పలేవు.

ఐడ్, ఐట్, ఏట్ దగ్గర చాలామంది పిల్లలు చెవితో మోసపోతారు. సల్ఫైడ్, సల్ఫైట్, సల్ఫేట్ తొందరగా పలికితే ఒకేలా వినిపిస్తాయి. 'ఐడ్' అంటే ఆ మూలకం ఒక్కటే: సల్ఫైడ్ ఎస్²⁻. 'ఏట్', 'ఐట్' అంటే ఆక్సిజన్‌తో కలిసి ఉంది. 'ఏట్' కన్నా 'ఐట్'లో ఆక్సిజన్ ఒకటి తక్కువ. ఆవేశం మాత్రం మారదు: సల్ఫేట్ ఎస్ఓ₄²⁻, సల్ఫైట్ ఎస్ఓ₃²⁻, నైట్రేట్ ఎన్ఓ₃⁻, నైట్రైట్ ఎన్ఓ₂⁻. 'ఐడ్'తో ముగిసినా హైడ్రాక్సైడ్, సయనైడ్, పెరాక్సైడ్ ఒంటరి పరమాణువులు కావని గుర్తుంచుకోండి. ఇంకోటి నాకు ప్రత్యేకంగా ఇష్టం: సోడియం నైట్రైడ్, సోడియం అజైడ్. మొదటిది ఎన్ఏ₃ఎన్, రెండోది ఎన్ఏఎన్₃. అజైడ్‌లో మూడు నైట్రోజన్లు వరుసగా కలిసి అందరికీ కలిపి -1. ఒకే అంకె, ఒకే రెండు మూలకాలు, అంకె పక్కకు జరిగిందంతే, పదార్థం పూర్తిగా మారిపోయింది.

'ఏట్'లో ఆక్సిజన్లు ఎన్ని అన్నది పేరు చెప్పదు, దీన్ని మాత్రం నేర్చుకోవాలి. కానీ విడివిడిగా అక్కర్లేదు. పట్టికను ఎదురుగా పెట్టుకోండి. కార్బన్, నైట్రోజన్‌లకు మూడు ఆక్సిజన్లు: కార్బనేట్, నైట్రేట్. వాటి కింద వరుసలో ఫాస్ఫరస్, సల్ఫర్‌లకు నాలుగు: ఫాస్ఫేట్, సల్ఫేట్. క్లోరిన్ అదే వరుసలో ఉన్నా క్లోరేట్‌కి మూడే, బ్రోమేట్, అయోడేట్‌లకూ మూడే. ఆవేశాలు చూస్తే కార్బనేట్ -2, నైట్రేట్ -1, ఫాస్ఫేట్ -3, సల్ఫేట్ -2, క్లోరేట్ -1. కుడివైపు జరిగే కొద్దీ ఒక్కొక్కటి తగ్గుతోంది, గమనించారా? ఈ ఐదూ వస్తే ఐట్‌లు, పెర్‌లు, హైపోలు, హైడ్రోజన్‌లు అన్నీ వీటి నుంచే లాగొచ్చు.

క్లోరిన్ కుటుంబంతో సాధన చేయండి. హైపోక్లోరైట్‌లో ఆక్సిజన్ ఒకటి, క్లోరైట్‌లో రెండు, క్లోరేట్‌లో మూడు, పెర్‌క్లోరేట్‌లో నాలుగు. నాలుగింటికీ ఆవేశం -1. అయితే 'పెర్' అనగానే ఆక్సిజన్ ఒకటి పెంచేయకండి. పెర్మాంగనేట్ ఎంఎన్ఓ₄⁻, మాంగనేట్ ఎంఎన్ఓ₄²⁻. రెండింటిలోనూ ఆక్సిజన్లు నాలుగే, ఆవేశమే వేరు. ఊదారంగు పొటాషియం పెర్మాంగనేట్‌లో పొటాషియం ఒకటి, ఆకుపచ్చ పొటాషియం మాంగనేట్‌లో రెండు. ఈ జంటను మాత్రం విడిగా గుర్తుపెట్టుకోవాలి. క్రోమేట్ సీఆర్ఓ₄²⁻, డైక్రోమేట్ సీఆర్₂ఓ₇²⁻ జంట కూడా అలాంటిదే. అక్కడ 'డై' క్రోమియంలు రెండని చెబుతుంది గానీ క్రోమేట్లు రెండని కాదు. క్రోమేట్లు రెండు కలిసేటప్పుడు ఒక ఆక్సిజన్ బయటికి పోయింది, అందుకే ఎనిమిది బదులు ఏడు.

బైకార్బనేట్ దగ్గరికి వద్దాం. దాని సరైన పేరు హైడ్రోజన్ కార్బనేట్. కార్బనేట్ -2కి ఒక హైడ్రోజన్ అయాన్ +1 చేరితే మిగిలేది -1: హెచ్‌సీఓ₃⁻. సోడియం +1తో ఒకటికి ఒకటి, ఎన్ఏహెచ్‌సీఓ₃. ఒకే మోతాదు ఆమ్లంతో కార్బనేట్ ఎంత సోడియంను పట్టుకుంటుందో అందులో సగాన్నే ఇది పట్టుకుంటుంది. సోడియం వైపు నుంచి చూసి ఆమ్లం రెట్టింపు ఉందని పాతవాళ్లు 'బై' తగిలించారు. బైసల్ఫేట్, బైసల్ఫైట్ కూడా అంతే. 'బై' కనిపిస్తే మనసులో 'హైడ్రోజన్' అని చదువుకోండి. ఫాస్ఫేట్ దగ్గర ఈ మెట్లు చక్కగా కనబడతాయి: ఫాస్ఫేట్ -3, హైడ్రోజన్ ఫాస్ఫేట్ -2, డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ -1. అమ్మోనియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ అన్నంత పొడుగు పేరు ఇచ్చినా బెదరక్కర్లేదు, +1కి -1, ఒకటికి ఒకటి. 'థయో' అంటే ఒక ఆక్సిజన్ స్థానంలో సల్ఫర్ వచ్చింది. సల్ఫేట్‌లో అలా మారిస్తే థయోసల్ఫేట్ ఎస్₂ఓ₃²⁻.

ఆమ్లాలకు కొత్తగా నేర్చుకోవాల్సింది పెద్దగా లేదు. 'ఏట్' అయాన్ ఉన్నది 'ఇక్' ఆమ్లం, 'ఐట్' ఉన్నది 'అస్' ఆమ్లం, 'ఐడ్' ఉన్నది 'హైడ్రో... ఇక్' ఆమ్లం. అయాన్ మీద ఎన్ని రుణావేశాలుంటే అన్ని హైడ్రోజన్లు ముందు పెట్టండి. నైట్రస్ ఆమ్లం అంటే నైట్రైట్ -1, హెచ్ఎన్ఓ₂. సల్ఫ్యూరస్ ఆమ్లం హెచ్₂ఎస్ఓ₃. పెర్‌క్లోరిక్ హెచ్‌సీఎల్ఓ₄.

ఇంతవరకు రెండు రకాలని గీత గీశాను గానీ ఆ గీతను తొక్కే పేర్లు ఉన్నాయి. మాంగనీస్ డయాక్సైడ్, టైటానియం డయాక్సైడ్, లెడ్ డయాక్సైడ్: లోహాలే, అయినా 'డై' వచ్చింది. పరిశ్రమల్లో, పాత పుస్తకాల్లో ఇవే వాడుక. పేరు లెక్క చెబుతోంది కాబట్టి చెప్పినట్టు రాసేయండి. లోహమా అలోహమా అన్నది రెండో ప్రశ్న, పేరులో లెక్క ఉందా అన్నదే మొదటి ప్రశ్న. లెడ్ డయాక్సైడ్ పీబీఓ₂, బేరియం పెరాక్సైడ్ బీఏఓ₂. రెండు ఫార్ములాలూ చూడటానికి ఒకే అచ్చు. లోపల మొదటిదాంట్లో సీసం +4, విడివిడి ఆక్సైడ్లు రెండు. రెండోదాంట్లో బేరియం +2, జంటగా ఉన్న పెరాక్సైడ్ ఒకటి. ఫార్ములా నుంచి పేరు రాయమన్నప్పుడు బేరియంకు +4 రాదని తెలిసినవాడే దీన్ని పెరాక్సైడ్ అని పట్టుకోగలడు. ఎఫ్ఈ₃ఓ₄ చూసి ఇనుముకి 8ని 3తో భాగించిన ఆవేశమా అని కంగారుపడకండి, అందులో ఒకటి +2, రెండు +3. పేరు కూడా ఐరన్ టూ-త్రీ ఆక్సైడ్ అనే ఉంటుంది.

స్ఫటిక జలం ఉన్న లవణాల్లో లెక్క మళ్లీ బయటికి వస్తుంది. కాపర్ టూ సల్ఫేట్ పెంటాహైడ్రేట్ అంటే మామూలుగా కాపర్ సల్ఫేట్ రాసి, చుక్క పెట్టి, ఐదు నీటి అణువులు: సీయూఎస్ఓ₄·5హెచ్₂ఓ. మనం మైలుతుత్తం అనే నీలి స్ఫటికం ఇదే, నీరు పోతే తెల్లబడుతుంది. ఆ చుక్కను గుణకారం అనుకోకండి. అణుభారం వేసేటప్పుడు నీటిని కలపాలి: 159.6కి సుమారు 90.1 కలిపితే 249.7. ప్రయోగశాలలో ఇది మార్కుల విషయం కాదు. లీటరు ఒక మోలార్ ద్రావణానికి నీలి స్ఫటికాలు 249.7 గ్రాములు తూచాల్సిన చోట 159.6 తూచితే వచ్చేది దాదాపు 0.64 మోలార్. సీసా మీద పేరును చివరిదాకా చదవకపోతే జరిగేది ఇదే. జిప్సంలో నీళ్లు రెండు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో సగం (హెమీహైడ్రేట్). సగం అణువు ఉంటుందా అంటే ఉండదు, రెండు కాల్షియం సల్ఫేట్లకు ఒక నీరు అని అర్థం.

పటిక లాంటి ద్వంద్వ లవణాలకూ సున్నా నియమమే. పొటాషియం +1, అల్యూమినియం +3, కలిపి +4, సల్ఫేట్లు రెండు: కేఏఎల్(ఎస్ఓ₄)₂·12హెచ్₂ఓ. ఫెర్రోసయనైడ్ లాంటి సంక్లిష్ట అయాన్లు చూసి భయపడేవాళ్లు ఉంటారు, కానీ అక్కడా కూడికే. ఫెర్రో అంటే ఇనుము +2, సయనైడ్లు ఆరు అంటే -6, మొత్తం -4. కాబట్టి పొటాషియంలు నాలుగు: కే₄[ఎఫ్ఈ(సీఎన్)₆]. ఫెర్రీ అయితే ఇనుము +3, మొత్తం -3, పొటాషియంలు మూడు. ఇక ఫెర్రిక్ ఫెర్రోసయనైడ్ అడిగితే బయట ఇనుము +3, లోపలి అయాన్ -4, కసాగు 12: ఎఫ్ఈ₄[ఎఫ్ఈ(సీఎన్)₆]₃. చిత్రకారులు ప్రష్యన్ బ్లూ అనే ముదురు నీలం ఇదే.

సాధన విషయంలో ఒక మాట. పేర్ల జాబితా పట్టుకుని ఫార్ములాలు వల్లించడం కన్నా, ఒక ఫార్ములా రాసి దాన్నే మళ్లీ పేరుగా చదవండి. రెండు ప్రయాణాలూ ఒకే చోటికి రాకపోతే తప్పు అక్కడే దొరుకుతుంది. ప్రతి ఫార్ములా పక్కన ఆవేశాల కూడిక కూడా రాయండి: (+3 × 2) + (-2 × 3) = 0. రెండు వారాలు ఇలా రాస్తే తర్వాత చేయి ఆగినా కన్ను చేస్తుంది.

మొదలుపెట్టడానికి కొన్ని పేర్లు: మెగ్నీషియం నైట్రైడ్, కాల్షియం హైపోక్లోరైట్, అమ్మోనియం డైక్రోమేట్, డైనైట్రోజన్ మోనాక్సైడ్, క్రోమియం త్రీ సల్ఫేట్, బేరియం హైడ్రాక్సైడ్ ఆక్టాహైడ్రేట్. రాశాక వీటితో సరిచూసుకోండి: ఎంజీ₃ఎన్₂, సీఏ(సీఎల్ఓ)₂, (ఎన్‌హెచ్₄)₂సీఆర్₂ఓ₇, ఎన్₂ఓ, సీఆర్₂(ఎస్ఓ₄)₃, బీఏ(ఓహెచ్)₂·8హెచ్₂ఓ. ఏదైనా తేడా వస్తే ఆ పేరుతో పాటు మీరు వేసుకున్న ఆవేశాలు కూడా రాసి పెట్టండి, ఎక్కడ పక్కకు పోయిందో చూసి చెబుతాను.